గాలి పొర దాటిన శబ్దం

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు ఇచ్చిన ఉపన్యాసం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. దూరం నుంచి అవి సరిగ్గా కనబడవు.

ఇది నా పాత ప్రోబ్, లోహంలోకి శబ్దం పంపి లోపలి లోపాల్ని వెతికే పరికరం. ఇరవై రెండేళ్లు నా చేతిలో ఉన్నది. గాజువాక, ఆటోనగర్ వైపు ఎక్కడ వెల్డింగ్ పరీక్ష ఉన్నా దీన్ని జేబులో వేసుకుని వెళ్లేవాణ్ని. రెండోది కారు వెనక బంపర్లో ఉండే పార్కింగ్ సెన్సర్. మూడోది ఈ పచ్చ బోర్డు మీద అతికించిన చిప్. పొడవూ వెడల్పూ మూడున్నర మిల్లీమీటర్లు, ఒక కందిపప్పు బద్దంత. మూడూ చేసే పని ఒకటే. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపిస్తాయి, అది దేనికో తగిలి తిరిగి వచ్చేదాకా కాచుకుని, ఎంతసేపు పట్టిందో చెబుతాయి.

చూడగానే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. మొదటిదాన్ని కుదిస్తే రెండోది, రెండోదాన్ని ఇంకా కుదిస్తే మూడోది అయ్యుంటుందని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది తప్పు. ఈ ప్రోబును ఎంత కుదించినా ఈ చిప్ రాదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా ఎందుకు రాదో చెప్పడమే.

ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. 1990ల మొదట్లో సంగతి. నాకు ఇరవై నాలుగేళ్లు. ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పెద్ద ట్యాంకు వెల్డింగులు పరీక్ష చేసే పని. మే నెల మధ్యాహ్నం, ప్లేటు మీద చెయ్యి పెడితే కాలేట్టుంది. ప్రోబుకీ ప్లేటుకీ మధ్య నూనో, గ్రీజో, పేస్టో రాయాలి. దాన్ని మేము కప్లెంట్ అంటాం. నేను రాసింది ఆ వేడికి పల్చబడి జారిపోయింది. నేను చూసుకోలేదు. అది శబ్దాన్ని వాలుగా పంపే యాంగిల్ ప్రోబ్. వెల్డు బాగుంటే శబ్దం అలా ముందుకి వెళ్లిపోతుంది, తిరిగి ఏమీ రాదు, తెర మీద గీత చదునుగా ఉంటుంది. నా తెర చదునుగా ఉంది. "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. రెండు వారాల తరువాత ట్యాంకులో నీళ్లు నింపి చూస్తే అదే వెల్డు దగ్గర నీరు చెమర్చింది.

మా సీనియర్ ఒకాయన ఉండేవారు. ఆయన నన్ను తిట్టలేదు. ఆ ప్లేటు దగ్గరికే తీసుకెళ్లి, పొడిగా ప్రోబు పెట్టి చూపించారు, తరువాత గ్రీజు రాసి చూపించారు. గ్రీజు రాసినప్పుడు తెర మీద లోపం నిటారుగా లేచి నిలబడింది. "తెర ఖాళీగా ఉంటే వెల్డు బాగున్నట్టు కాదు నాయనా. నీ శబ్దం అసలు లోపలికి వెళ్లిందో లేదో ముందు చూసుకో" అన్నారు. ఆ రోజు నుంచి గాలి అంటే నాకు భయం పట్టుకుంది. కళ్లకి కనబడని గాలి పొర, వెంట్రుక మందంలో వందో వంతు ఉన్నా చాలు, మా ప్రోబు పంపే ఎత్తు ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని, అంటే అంత వేగంగా ఊగే శబ్దాన్ని, పూర్తిగా ఆపేస్తుంది.

ఎందుకు ఆపుతుంది? ప్రతి పదార్థమూ శబ్దానికి ఒక బరువు చూపిస్తుంది. దాని సాంద్రతను, అందులో శబ్దం వెళ్లే వేగంతో గుణిస్తే ఆ బరువు వస్తుంది. 20 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది, నీళ్లలో దాదాపు 1,480, స్టీలులో 5,900. గాలి తేలిక, స్టీలు బరువు. కాబట్టి ఈ గుణకారం చేస్తే గాలికి నాలుగు వందల చిల్లర, నీటికి దాదాపు 15 లక్షలు, ప్రోబులో శబ్దం పుట్టించే పింగాణీ బిళ్లకు 3 కోట్లు వస్తుంది. రెండు పదార్థాల మధ్య ఈ అంకెలు ఎంత దూరంగా ఉంటే శబ్దం అంత వెనక్కి తిరిగిపోతుంది. ప్రోబు బిళ్ల నుంచి నీళ్లలోకి దాదాపు ఐదో వంతు శక్తి దాటుతుంది. అదే బిళ్ల నుంచి గాలిలోకి దాటేది లక్షలో ఐదారు వంతులు మాత్రమే.

అమ్మలకి ఇంకోలా చెబుతాను. రోకలి ఎంత బలమైనదైనా దానితో గాలి విసురుకోలేం. రోకలి కొద్దిగా కదులుతుంది, చాలా బలంగా కదులుతుంది. గాలికి ఆ బలం అక్కర్లేదు, ఎక్కువ కదలిక కావాలి. దానికి విసనకర్ర కావాలి, అంటే పల్చగా, తేలికగా ఉండి ఊగేది. నా ప్రోబు రోకలి. ఈ చిప్ విసనకర్ర. రోకలిని చెక్కి చెక్కి చిన్నది చేస్తే చిన్న రోకలి వస్తుంది, అంతే కదా.

గాలి పొర నాకు శత్రువు. అదే గాలి ఇంకొకళ్లకి ఎలా మేలు చేస్తుందో నాకు మన ఫిషింగ్ హార్బర్లో తెలిసింది. ఒకసారి ఒక మరపడవ ఎక్కాను, వాళ్ల ఎకో సౌండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి చేపల్ని చూపించే యంత్రం, సరిగ్గా పనిచేయడం లేదంటే చూద్దామని. పడవ నడిపే పెద్దాయన తెర మీద రంగు మచ్చలు చూపిస్తూ, "సేప పెద్దదైతే మచ్చ పెద్దదవుద్దని అనుకోకు బాబూ. సొర ఎంతుంటాది, అది సరిగ్గా కనబడదు. సిన్న సేపల గుంపు ఎర్రగా మెరిసిపోద్ది" అన్నారు. ఆయన ఏ పుస్తకంలోనూ చదవకుండా చెప్పిన మాట అక్షరాలా నిజం. చాలా చేపల కడుపులో గాలి తిత్తి ఉంటుంది, నీళ్లలో మునగకుండా తేలకుండా నిలబడడానికి. ఎకో సౌండర్ శబ్దాన్ని ఎక్కువగా తిప్పికొట్టేది చేప ఒళ్లు కాదు, ఆ గాలి తిత్తి. సొరచేపకి ఆ తిత్తి లేదు. నన్ను వెల్డు లోపలికి వెళ్లనివ్వని గాలే, ఆయనకి సముద్రం అడుగున చేపని చూపిస్తోంది.

నీళ్లలో శబ్దం పంపడం ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. 1880లో పారిస్‌లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ ఒక సంగతి కనిపెట్టారు. క్వార్ట్జ్ లాంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుంది. కరెంటు ఇస్తే అవి కొద్దిగా సాగుతాయి, కుంచించుకుంటాయి అన్నది మరుసటి సంవత్సరం తేలింది. ముప్పై ఏళ్లకు పైగా దానికి పెద్ద ఉపయోగం కనబడలేదు. 1912లో టైటానిక్ మునిగాక నీళ్లలో మంచుకొండల్ని ముందే పసిగట్టాలన్న తపన పెరిగింది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధం, జర్మన్ జలాంతర్గాముల భయం. పియర్ క్యూరీ శిష్యుడు పాల్ లాంజవాన్, రష్యన్ ఇంజినీరు చిలోవ్‌స్కీతో కలిసి 1915లో ఈ పని మొదలుపెట్టారు. క్వార్ట్జ్ ముక్కల్ని రెండు స్టీలు పలకల మధ్య పెట్టి అతికించడం లాంజవాన్ ఆలోచన. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన స్ఫటికాన్ని పెద్దది చేయలేదు, అంత పెద్ద క్వార్ట్జ్ దొరకదు కూడా. స్టీలు పలకలే ఊగేట్టు, స్ఫటికం వాటిని ఊపితే చాలన్నట్టు అమర్చారు. తొట్టిలో దాన్ని నడిపితే దగ్గరున్న చేపలు చచ్చిపోయాయట, నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లకి నొప్పి తెలిసిందట. సోనార్‌కి, అంటే నీళ్ల కింద శబ్దంతో వెతికే పద్ధతికి, అసలు పునాది అక్కడ పడింది.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లనివాళ్లు ఈ హాల్లో ఉండరనుకుంటాను. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైంది. ఈసారి వెళ్లినప్పుడు బంకులూ ఇంజన్లతో పాటు సోనార్ దగ్గర కూడా కాసేపు నిలబడండి. నీళ్ల కింద కళ్లు పనికిరావు, అక్కడ మనిషి చెవితోనే చూస్తాడు. అదే 1969లో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, మనం ఎన్‌ఎస్‌టీఎల్ అనేది, ఈ ఊళ్లో మొదలైంది.

అసలు ఈ ఊరికీ అల్ట్రాసౌండ్‌కీ, అంటే మన చెవికి వినపడని ఈ శబ్దానికీ, సంబంధం అంతకన్నా పాతది. సి.వి. రామన్ గారు పుట్టింది తిరుచిరాపల్లిలో. తండ్రిగారికి ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం విశాఖ వచ్చింది. ఆయన సెయింట్ అలోషియస్ స్కూల్లో చదువుకుని 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. నోబెల్ వచ్చిన పని అందరికీ తెలుసు. కానీ 1935లో ఆయన, నాగేంద్రనాథ్ కలిసి చేసిన ఇంకో పని ఉంది. ద్రవంలో అల్ట్రాసౌండ్ పోతుంటే ఆ ద్రవం ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులై వరసలు వరసలుగా అవుతుంది. వెలుగుని దాని గుండా పంపితే జాలీలోంచి పోయినట్టు చీలిపోతుంది. ఎలా చీలుతుందో వాళ్లు లెక్కగట్టి చూపించారు. అంటే వినబడని శబ్దాన్ని కళ్లతో చూడవచ్చన్నమాట. రామన్ శిష్యుడు సూరి భగవంతం గారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన భీమసేనాచార్‌తో కలిసి అల్ట్రాసౌండ్‌తో వజ్రం ఎంత బిగువైనదో కొలిచారు, 1946లో ఆ ఫలితం అచ్చయింది. వజ్రాన్ని నొక్కి చూడడం అయ్యే పని కాదు, శబ్దాన్ని పంపి అడిగారు. ఈ తీరాన ఇంత చదువు నడిచిందని మన పిల్లలకి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు చిన్న వస్తువుల దగ్గరికి వద్దాం.

1959 డిసెంబరులో అమెరికాలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ప్రసంగం చేశారు. అడుగున ఇంకా బోలెడంత చోటుంది, చిన్న యంత్రాలు చేయండి అన్నారు. అంగుళంలో 64వ వంతు కన్నా పెద్దది కాని మోటారు, అంటే 0.4 మిల్లీమీటరు, చేసినవాళ్లకి వెయ్యి డాలర్లు ఇస్తానన్నారు. అంత చిన్నది చేయాలంటే కొత్త పద్ధతి ఏదో పుట్టక తప్పదని ఆయన ఆశ. ఏడాది తిరక్కుండానే విలియం మెక్లెల్లన్ అనే ఇంజినీరు మైక్రోస్కోపు పట్టుకుని వచ్చాడు. 13 భాగాలు, 250 మైక్రోగ్రాముల బరువు. పట్టకార్లతో, ఓపికతో, చేత్తో చేశాడు. మోటారు తిరిగింది. ఫైన్‌మన్ డబ్బు ఇచ్చారు, కానీ నిరాశపడ్డారు. ఎందుకంటే కొత్త పద్ధతి ఏదీ పుట్టలేదు. ఆ మనిషి చేతి నైపుణ్యానికి నేను దండం పెడతాను. కానీ అది కుదింపు. అలాంటి మోటారు రెండోది కావాలంటే మళ్లీ ఆయనే కూర్చోవాలి.

కొత్త దారి సిలికాన్ నుంచి వచ్చింది. 1954లో చార్లెస్ స్మిత్, బెల్ ల్యాబ్స్‌లో, సిలికాన్‌ని, జర్మేనియంని వంచితే వాటి విద్యుత్ నిరోధం మామూలు లోహాల కన్నా చాలా ఎక్కువగా మారుతుందని చూపించారు. అంటే సిలికాన్‌కి ఒత్తిడి తెలుస్తుంది. 1982లో కర్ట్ పీటర్సన్ ఒక పెద్ద వ్యాసం రాశారు. సిలికాన్ లెక్కలు చేసే చిప్పులకే కాదు, యంత్ర భాగాలకీ మంచి పదార్థమని, బలంలో స్టీలుతో పోటీ పడుతుందని, ఎన్నిసార్లు వంచినా అలిసిపోదని వివరించారు. కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతితోనే ఒకేసారి వేల వస్తువులు అచ్చు వేయవచ్చు. వీటికే మెమ్స్ అని పేరొచ్చింది.

ఎలా చేస్తారో చెబితే మేస్త్రీ పని చేసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మీ ఇంటికి స్లాబు వేసేటప్పుడు ముందు సెంట్రింగ్ కొడతారు. దాని మీద కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక సెంట్రింగ్ ఊడదీస్తారు, స్లాబు గాల్లో నిలబడుతుంది. సరిగ్గా అదే. సిలికాన్ మీద ముందు గాజు లాంటి ఆక్సైడ్ పొర పరుస్తారు, అది సెంట్రింగ్. దాని మీద సిలికాన్ పొర పోస్తారు. తరువాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆక్సైడ్‌ని కరిగించేస్తారు. పైన పొర గాల్లో తేలుతుంది, దాని కింద ఖాళీ ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లోతుగా నిట్టనిలువు గుంటలు కావాలంటే 1990లలో బాష్ కంపెనీలో లార్మర్, షిల్ప్ కనిపెట్టిన పద్ధతి ఉంది. కొంచెం తవ్వుతారు, గోడలకి పూత పూస్తారు, మళ్లీ కొంచెం తవ్వుతారు. ఇసుక నేలలో బావి తవ్వుతూ వరలు దించుకుంటూ పోయినట్టు.

అంతా బాగుంది, కానీ మొదట్లో చేసినవాళ్లని ఒక సమస్య ఏడిపించింది. ఆమ్లం కడిగాక నీళ్లతో శుభ్రం చేసి ఆరబెడితే, ఆ పొరలో చేసిన సన్నటి దూలాలు కిందికి వంగి అడుగుకి అతుక్కుపోయేవి. మళ్లీ లేచేవి కావు. కారణం నీళ్లే. తడిసిన రెండు గాజు పలకలు ఎలా అతుక్కుంటాయో చూసే ఉంటారు. మన సైజులో నీటి చుక్క లాగే బలం లెక్కలోకి రాదు. కానీ ఒక వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ వెయ్యో వంతు చేస్తే, బరువు నూరు కోట్ల రెట్లు తగ్గుతుంది, పైతలం పది లక్షల రెట్లే తగ్గుతుంది. అంటే బరువుతో పోలిస్తే పైతలం వెయ్యి రెట్లు పెరిగినట్టు. అక్కడ భూమ్యాకర్షణ మాట ఎవరూ వినరు, తడి, రాపిడి, అతుకు, ఇవే రాజ్యం చేస్తాయి. చీమ పైనుంచి పడితే దెబ్బ తగలదు కానీ నీటి చుక్కలో చిక్కుకుంటే బయటికి రాలేదు. వాళ్లు ఏం చేశారంటే, నీటి స్థానంలో కార్బన్ డయాక్సైడ్ నింపి, 31 డిగ్రీలు, 73 వాతావరణ పీడనాలు దాటించారు. ఆ స్థితిలో ద్రవానికీ వాయువుకీ తేడా ఉండదు, చుక్క అనేదే ఏర్పడదు, లాగే బలమూ ఉండదు. ఈ పరిష్కారం చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అంత అందంగా అనిపించింది.

1988లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో వెంట్రుక మందం పళ్ల చక్రంతో సిలికాన్ మోటారు తిప్పారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, అందరూ ఆశ్చర్యపోయారు. కానీ రాపిడికి అవి అరిగిపోయేవి. నిలబడింది మాత్రం రాపిడి లేనివి, కేవలం వంగేవి, ఊగేవి. కారు ఎయిర్‌బ్యాగ్ సంగతి తీసుకోండి. వెనకటికి ఒక గొట్టంలో స్టీలు గుండుని అయస్కాంతం పట్టి ఉంచేది. గుద్దుకోగానే గుండు విడిపోయి ముందుకి దూకి స్విచ్ నొక్కేది. అలాంటివి కారు ముందుభాగంలో కొన్ని పెట్టేవారు. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ అనే కంపెనీ ఒకే చిప్‌లో సిలికాన్ దువ్వెన లాంటిది ఊయలలా వేలాడదీసింది. దాని పళ్లు పక్క పళ్లకి దగ్గరైతే విద్యుత్తు నిలవలో తేడా వస్తుంది. గుండు లేదు, దూకుడు లేదు, వంగడమే ఉంది. మీ ఫోన్ అడ్డంగా తిప్పితే తెర తిరగడం దాని వారసత్వమే. సినిమా హాల్లో డిజిటల్ ప్రొజెక్టర్ చాలావాటిలో, ల్యారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన అద్దాల చిప్ ఉంటుంది. ఇరవై లక్షలకు పైగా అద్దాలు, ఒక్కోటి సన్నటి మెలిక మీద అటూ ఇటూ వాలుతూ బొమ్మ గీస్తాయి. రేపు జగదాంబ సెంటర్ వైపు సినిమాకి వెళ్లినప్పుడు గుర్తు చేసుకోండి.

ఇక నా రోకలి, విసనకర్ర దగ్గరికి. ఈ పార్కింగ్ సెన్సర్‌లో ఏముంది? చిన్న అల్యూమినియం గిన్నె, దాని అడుగు పల్చన, లోపల, కరెంటు ఇస్తే క్వార్ట్జ్ లాగే సాగే పింగాణీ బిళ్ల అతికించి ఉంటుంది. బిళ్ల సాగబోతుంది, అల్యూమినియం సాగనివ్వదు, దాంతో గిన్నె అడుగు ఒంగుతుంది. ఎండబెట్టిన అప్పడం ఒకవైపు ఎక్కువ ఆరితే వంగినట్టు. ఆ ఒంగడం సెకనుకు 40 వేల సార్లో, అంతకన్నా కాస్త ఎక్కువో. అంటే ఇది అప్పటికే డప్పు. గాలికి కావలసిన తీరులో కదలడం ఇక్కడ మొదలైంది. ఒక మీటరు దూరంలో గోడ ఉంటే, శబ్దం పోయి రావడానికి దాదాపు 5.8 మిల్లీసెకన్లు.

ఈ డప్పునే సిలికాన్‌లో పోస్తే? మైక్రాన్ల మందం పొర, వెడల్పు మిల్లీమీటరు కన్నా తక్కువ. డప్పు చిన్నదైతే శ్రుతి పెరుగుతుంది, పల్చనైతే తగ్గుతుంది, ఈ రెండూ తూచి మనకి కావలసిన చోట నిలపవచ్చు. మృదంగం వాయించేవాళ్లు ఎడమవైపు రవ్వముద్ద అంటించి శ్రుతి సరిచేసుకుంటారు, పొర మీద బరువు ఎక్కడ ఎంత ఉండాలో వాళ్ల వేళ్లకి తెలుసు. మృదంగం కుడివైపు నల్ల మచ్చ వల్లే దాని స్వరాలు పొందికగా వస్తాయని 1920లో రామన్ గారే రాశారు. సిలికాన్ డప్పు చేసేవాళ్లు కూడా పొర మీద లోహం ఎంత దూరం పరవాలో అదే తూకం చూస్తారు.

రెండు రకాలు వచ్చాయి. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో ఖూరీ-యాకూబ్ బృందం మొదటి రకం చూపించింది. పొర కింద సన్నటి ఖాళీ, దాని కింద ఇంకో లోహపు పొర. రెంటి మధ్య వోల్టేజి ఇస్తే పై పొర కిందికి లాగబడుతుంది, వదిలితే లేస్తుంది. స్ఫటికం అవసరమే లేదు. చూడండి, ఆరబెట్టేటప్పుడు దూలాల్ని పాడుచేసిన ఆ సన్నటి ఖాళీయే ఇక్కడ పని చేసిపెట్టే భాగమైంది. రెండో రకంలో పొర మీద అల్యూమినియం నైట్రైడ్ లాంటి పూత ఉంటుంది, అది సాగి కుంచించుకుని పొరని వంచుతుంది. నేను చూపించిన ఈ చిప్ ఆ రకం. బర్కిలీ, డేవిస్ విశ్వవిద్యాలయాల పరిశోధన నుంచి 2013లో చర్ప్ అనే కంపెనీ పుట్టింది, 2018లో టీడీకే అనే జపాన్ కంపెనీ దాన్ని కొన్నది. 175 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు లక్షా డెబ్భై ఐదు వేల సార్లు ఊగుతూ, ఒక మీటరు పైచిలుకు దూరం చూస్తుంది. గ్రీజు లేదు, నూనె లేదు, గాల్లోకి నేరుగా మాట్లాడుతుంది. మొదటిసారి దీన్ని టేబుల్ మీద పెట్టి నా అరచెయ్యి అడ్డంగా జరిపినప్పుడు, తెర మీద అంకె మారడం చూసి, మా సీనియర్ ఉంటే బాగుండేది అనిపించింది.

మొదటి రకం పెద్ద ఉపయోగం వైద్యంలో. స్కానింగ్ ప్రోబులో పింగాణీని రంపంతో సన్నగా కోసి, ప్రతి ముక్కకీ వైరు అతికించాలి. అందుకే ఖరీదు. పైగా గుండెకి ఒక ప్రోబు, కడుపుకి ఒకటి. అమెరికాలో 2017లో అనుమతి పొందిన బటర్‌ఫ్లై అనే ప్రోబులో ఒక్క చిప్ మీద దాదాపు 9,000 సిలికాన్ డప్పులు ఉన్నాయి. 1 నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు పది లక్షల నుంచి కోటి సార్ల దాకా పలుకుతాయి, కాబట్టి ఒళ్లంతటికీ ఒకే ప్రోబు, తెర ఫోనే. చర్మం మీద జెల్ మాత్రం ఇక్కడా రాయాల్సిందే.

ఇది నాకు మనసుకి దగ్గర విషయం. పాడేరు, అరకు పైనున్న ఊళ్ల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. బిడ్డ అడ్డం తిరిగిందో, మాయ కిందికి ఉందో ఎవరికీ తెలియదు, కొండ దిగాక తెలుస్తుంది. ఆ సంగతి రెండు నెలల ముందే ఆ ఊళ్లోనే తెలిస్తే ఆ తల్లిని ముందే కిందికి తీసుకురావచ్చు. కానీ మన దేశంలో 1994 నాటి చట్టం ఉంది, రిజిస్టరు కాని చోట స్కానింగ్ యంత్రం వాడకూడదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుతుంటే తెచ్చిన చట్టం అది. దాన్ని సడలించమని నేను అనను. లింగం కనబడే బొమ్మ చూపించకుండా, బిడ్డ తల ఎటు ఉంది, గుండె కొట్టుకుంటోందా అన్నవి మాత్రం చెప్పే పరికరాన్ని తయారుచేయడం మన ఇంజినీర్ల పని. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది, కొండలూ మన పక్కనే ఉన్నాయి.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది. చదువుతాను. "సార్, ఇలాంటి చిప్పులు చేయడానికి మా కాలేజీలో ఫ్యాబ్ లేదు. మేము ఏం చేయగలం?" ఫ్యాబ్ అంటే చిప్పులు తయారుచేసే చోటు. మంచి ప్రశ్న అమ్మా.

చిప్ చేయడం ఒక సగం. దాన్ని పెట్టెలో పెట్టి లోకంలో బతికించడం ఇంకో సగం. చాలాసార్లు చిప్ కన్నా పెట్టెకే ఎక్కువ ఖర్చు. శబ్దం లోపలికి రావడానికి రంధ్రం ఉండాలి, అదే రంధ్రంలోంచి ఉప్పుగాలి వస్తుంది. బీచ్ రోడ్డు ఇళ్లలో గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. ఇంకొకటి, వేడి. డిగ్రీ పెరిగితే గాలిలో శబ్దం సెకనుకు 0.6 మీటర్లు వేగం పుంజుకుంటుంది. మా అపార్ట్‌మెంట్ ట్యాంకు మీద సెన్సర్ పెట్టారు. ఉదయం సరిగ్గా చూపిస్తుంది. మే నెల మధ్యాహ్నం నల్ల ట్యాంకు లోపల గాలి 45 డిగ్రీలకు పోతే, 25 డిగ్రీల లెక్కతో ఉన్న సెన్సర్ ఒకటిన్నర మీటర్ల లోతుకి ఐదు సెంటీమీటర్లు తప్పు చెబుతుంది. నీళ్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మోటారు వేయరు, పైఅంతస్తువాళ్లకి సాయంత్రం నీళ్లుండవు.

కాబట్టి ఇలా చేయండి. 40 కిలోహెర్ట్జ్ సెన్సర్ మాడ్యూల్ చవగ్గా దొరుకుతుంది. రెండు కొనండి. ఒకటి గదిలో, ఒకటి సముద్రం వైపు బాల్కనీలో, ఎదురుగా సరిగ్గా ఒక మీటరు దూరంలో చెక్క పలక బిగించండి. దూరం మారదు, కాబట్టి మారిందంతా సెన్సర్దో గాలిదో అవుతుంది. రోజుకి నాలుగుసార్లు, ఉదయం ఆరుకి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి పదికి అంకె రాసుకోండి. పక్కనే థర్మామీటరు పెట్టి ఉష్ణోగ్రత కూడా రాయండి. వానాకాలం దాటేదాకా ఆపకండి. సెన్సర్ జాలీ మీద మొదటి తుప్పు మచ్చ ఏ తేదీన కనబడిందో, ఆ రోజు ప్రతిధ్వని ఎంత తగ్గిందో ఆ పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రండి, పెట్టె ఎలా ఉండాలో ఇద్దరం కూర్చుని గీద్దాం.